ఆపేసిన సింథ్ మళ్లీ వస్తుందా? డబ్బు పెట్టే ముందు తేల్చుకోవడం ఎలా

ఒక సింథసైజర్‌ని (శబ్దాన్ని మనకు నచ్చినట్టు మలచుకునే ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని) కంపెనీ ఆపేసిందన్న మాట బయటికి రాగానే సెకండ్ హ్యాండ్ రేటు ఎగబాకుతుంది. ఆ తర్వాత ఏడాదికో, ఐదేళ్లకో, ఒక్కోసారి ముప్పై ఐదేళ్లకో అదే పేరుతో అదే వాయిద్యం కొత్త పెట్టెలో మళ్లీ షాపుకొస్తుంది. మధ్యలో తొందరపడి ఎక్కువ పోసినవాళ్ల డబ్బు పోతుంది. విజయవాడలో కీబోర్డులు, సింథ్‌లు సర్వీస్ చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను. చర్చి క్వయర్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, ఈ మోడల్ ఆపేశారంట, లాస్ట్ పీస్ అంటున్నారు, తీసేసుకోనా?" నేను "ఎందుకు ఆపారు తమ్ముడూ?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు.

ఆ "ఎందుకు" తెలిస్తే మిగతాదంతా చాలావరకు దానంతటదే తేలిపోతుంది. అది మళ్లీ వస్తుందా, వస్తే ఏ రూపంలో వస్తుంది, అప్పటిదాకా ఆగాలా, పాతదే కొనాలా అన్నవన్నీ ఆ కారణం మీదే ఆధారపడి ఉంటాయి. దాన్ని పట్టుకోవడం ఎలాగో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు, అది నిజంగా ఆగిందా?

షాపులో "రావట్లేదు" అన్నంత మాత్రాన కంపెనీ ఆపేసినట్టు కాదు. మన దేశంలో సగం సార్లు జరిగేది ఏంటంటే, దిగుమతి చేసే డిస్ట్రిబ్యూటర్ ఆ మోడల్ తెప్పించడం మానేస్తాడు. జపాన్‌లో, యూరప్‌లో అది మామూలుగానే అమ్ముడవుతూ ఉంటుంది. అందుకని ముందు తయారీదారు సొంత సైట్ చూడండి. రోలండ్, కోర్గ్, యమహా లాంటి పెద్ద కంపెనీలు పాత మోడళ్లను వేరే జాబితాలో పెడతాయి. మీరు అడిగే మోడల్ ఇప్పటి ఉత్పత్తుల్లోనే కనబడుతుంటే, అది స్టాక్ లేకపోవడమే తప్ప ఆగిపోవడం కాదు. టెన్షన్ పడొద్దు.

రెండోది, తాత్కాలికంగా తయారీ నిలిచిపోవడం. స్వీడన్‌కు చెందిన టీనేజ్ ఇంజినీరింగ్ వాళ్ల ఓపీ-1కి 2018లో ఇదే జరిగింది. అందులో వాడే చిన్న డిస్‌ప్లే దొరక్క తయారీ నిలిచిపోయింది. ఇక అయిపోయిందనుకుని జనం పాతవాటిని ఎగబడి కొన్నారు. 2019 మొదట్లో అది తిరిగి వచ్చింది, రేటు బాగా పెరిగి వచ్చింది. 2020 అక్టోబర్ 20న జపాన్‌లోని నోబెఓకాలో ఏకేఎం చిప్ కర్మాగారం తగలబడినప్పుడు కూడా ఇలాంటి గందరగోళమే. డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌లోకి మార్చే చిప్‌లు ఎన్నో ఆడియో పరికరాలకు అక్కడినుంచే వెళ్లేవి. కొందరు తయారీదారులు బోర్డు మళ్లీ గీసి, వేరే చిప్ వేసి బయటపడ్డారు. అలా చేయడానికి నెలలు పడుతుంది. వాయిద్యం బాగా అమ్ముడవుతున్నదైతేనే ఆ శ్రమ పడతారు, అమ్మకాలు తగ్గినదైతే అక్కడితో దండం పెట్టేస్తారు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మీ అంచనా చాలావరకు సరిపోతుంది. పార్ట్ దొరకనప్పుడు, ఆ వాయిద్యం అప్పటికి ఎంత గిరాకీలో ఉందో చూడండి.

కారణం చిప్ అయితే, చిప్ వైపే చూస్తూ ఉండండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువే చెబుతాను.

రోలండ్ టీఆర్-808 రిథమ్ మెషీన్ 1980లో వచ్చి 1983లో ఆగింది. సుమారు 12,000 తయారయ్యాయి. దాని శబ్దంలోని చిటపటకు మూలం లోపం ఉన్న ట్రాన్సిస్టర్లు. మామూలుగా పక్కన పడేసే సరుకును రోలండ్ ఏరి మరీ కొనేది. సెమీకండక్టర్ల తయారీ మెరుగుపడేసరికి ఆ లోపం ఉన్న ట్రాన్సిస్టర్లే దొరకడం మానేశాయి. అందుకే మళ్లీ తయారు చేయలేకపోయామని కంపెనీ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి చెప్పారు. ఇలాంటి వాయిద్యం ఉన్నదున్నట్టుగా రాదని అప్పుడే తేలిపోయింది. నిజంగానే 2017లో వచ్చిన టీఆర్-08 చిన్న పెట్టె, లోపలంతా డిజిటల్ మోడలింగ్, అంటే పాత సర్క్యూట్ శబ్దాన్ని ప్రాసెసర్‌తో అనుకరించడం. అనలాగ్ సర్క్యూట్లతో రోలండ్ మళ్లీ చేసిన టీఆర్-1000 రావడానికి 2025 దాకా పట్టింది, అదీ పాతదానికి నకలు కాదు, వేరే పెద్ద యంత్రం.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే కథ ప్రాఫెట్-5ది. కాలిఫోర్నియాలో డేవ్ స్మిత్ తన సీక్వెన్షియల్ కంపెనీ నుంచి 1978లో తెచ్చాడు. ఐదు స్వరాలు ఒకేసారి పలికించి, చేసుకున్న సెట్టింగులన్నిటినీ మెమరీలో దాచుకోగలిగిన సింథ్ అది. మొదటి రెండు రివిజన్లలో (మార్పులు చేసి తెచ్చిన విడతల్లో) ఎస్ఎస్ఎం చిప్‌లు, మూడో రివిజన్ నుంచి డగ్ కర్టిస్ చేసిన సీఈఎం చిప్‌లు. 1984లో ఆగింది. ఆ తర్వాత ఆ చిప్‌లు కూడా మార్కెట్లోంచి పోయాయి. ఏళ్ల తరబడి పాత బోర్డుల నుంచి పీకిన సీఈఎం3340 ఐసీలకు (చిప్‌లనే ఐసీలంటాం) బంగారం రేటు పలికింది.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. లాత్వియాలోని రీగాలో ఆల్ఫా అనే కంపెనీ ఆ ఐసీకి సరిపోయేది చేసింది. 2016లో కర్టిస్ కంపెనీయే అసలు సీఈఎం3340ని మళ్లీ అచ్చంగా తయారు చేసింది. పాత ఎస్ఎస్ఎం చిప్‌ల రూపకర్త డేవ్ రోసమ్ శబ్దాన్ని మలిచే కొత్త ఫిల్టర్ చిప్‌లు గీశాడు. 2020 అక్టోబర్‌లో ప్రాఫెట్-5 రివిజన్ 4 వచ్చింది. అందులో రెండు రకాల ఫిల్టర్లూ ఉన్నాయి, ఒక స్విచ్‌తో మొదటి రివిజన్ల శబ్దం కావాలా, మూడో రివిజన్ శబ్దం కావాలా ఎంచుకోవచ్చు.

అంటే వాయిద్యం కంటే ముందు ఐసీ తిరిగొచ్చింది. మీరు చేయాల్సింది ఇదే. మీ కన్ను పడ్డ పాత సింథ్ సర్వీస్ మాన్యువల్ తెరిచి, ఆసిలేటర్ (శబ్దం పుట్టించే భాగం), ఫిల్టర్ దగ్గర ఏ ఐసీ ఉందో చూడండి. మాన్యువల్ చదవడం రాకపోతే సర్వీస్ చేసేవాళ్లనెవరినైనా అడగండి, ఐదు నిమిషాల పని. ఆ ఐసీ ఇప్పుడు కొత్తగా తయారవుతోందా? అయితే ఆ సింథ్‌కు వారసుడు దారిలో ఉన్నట్టే అనుకోవచ్చు. ఐసీ ఆ కంపెనీ తన కోసమే చేయించుకున్నదై, ఇప్పుడెక్కడా లేనిదైతే, వస్తే గిస్తే డిజిటల్ రూపంలోనే వస్తుంది.

చట్టం వల్ల ఆగినవి కూడా కొన్ని ఉంటాయి. యూరప్‌లో 2006 జులై 1 నుంచి సీసం కలిసిన సోల్డర్‌తో చేసిన ఎలక్ట్రానిక్ వస్తువులను మార్కెట్లోకి తేవడంపై నిషేధం వచ్చింది. అప్పటికే వయసైపోయిన మోడళ్లకు బోర్డు మార్చడం దండగనుకుంటే ఆపేయడమే దారి. అలా ఆగిన వాటి కోసం ఎదురుచూసి లాభం లేదు.

పేరు ఎవరి చేతిలో ఉంది?

చిప్ ఉండి, గిరాకీ ఉండి, చేసే మనిషి కూడా బతికే ఉన్నా వాయిద్యం రాకపోవచ్చు. పేరు వేరేవాళ్ల చేతిలో ఉంటే రాదు. సీక్వెన్షియల్ కంపెనీ ఆస్తులను యమహా 1987లో కొనేసింది. డేవ్ స్మిత్ 2002లో సొంత పేరుతో కొత్త కంపెనీ పెట్టుకున్నాడు కానీ సీక్వెన్షియల్ అన్న పేరు వాడుకోలేకపోయాడు. 2015లో యమహా ఆ పేరును తిరిగి ఇచ్చేసింది. అలా ఇవ్వమని యమహాను అడిగింది ఎవరో తెలుసా? ఇందాక చెప్పిన రోలండ్ కకెహాషి. ముగ్గురూ మార్కెట్లో పోటీదారులు! సంగీత పరికరాల రంగంలో నాకు గౌరవం పెంచిన విషయాల్లో ఇదొకటి. పేరు రాగానే ఆ ఏడాదే ప్రాఫెట్-6, ఐదేళ్లకు ప్రాఫెట్-5 వచ్చాయి.

ఇంకో పాత సింథ్ రూపకర్త టామ్ ఓబర్‌హైమ్‌ది కూడా ఇదే వరస. గిబ్సన్ కంపెనీ 2019లో ఆయన పేరు ఆయనకిచ్చింది, 2022లో ఓబీ-ఎక్స్8 వచ్చింది. మినీమూగ్ వెనకున్న బాబ్ మూగ్ 2002లో మూగ్ మ్యూజిక్ పేరు తిరిగి సంపాదించుకున్నాకే మినీమూగ్ వోయేజర్ ఆ పేరుతో బయటికొచ్చింది.

కాబట్టి పాత బ్రాండు పేరు చేతులు మారిందన్న వార్త కనబడితే, ఆ బ్రాండు పాత వాయిద్యాలకు ఎక్కువ రేటు పెట్టడం కొన్నాళ్లు ఆపండి. ఇప్పటిదాకా చూసిన వాటిలో ఐదేళ్ల లోపే ఏదో ఒకటి దిగింది.

కాలం మారి ఆగినవి

1983లో డిజిటల్ సింథ్ యమహా డీఎక్స్7 వచ్చాక అనలాగ్ సింథ్‌లు పాతచింతకాయ పచ్చడైపోయాయి. తేలిక, ట్యూనింగ్ జారదు, పదహారు స్వరాలు ఒకేసారి పలుకుతాయి, పియానో లాంటి శబ్దం కూడా. పాతవాటిని చూసే దిక్కు లేదు. కోర్గ్ ఎంఎస్-20 ఆ రోజుల్లోనే ఆగింది, మినీమూగ్ అంతకు కాస్త ముందే, 1981లో ఆగింది. వాటిలో తప్పేమీ లేదు, కొనేవాళ్లు వేరే వైపు వెళ్లారు. ఇలా ఆగినవే తిరిగొచ్చే అవకాశం అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే సర్క్యూట్ మామూలు విడిభాగాలతో నడుస్తుంది, డిజైన్ కంపెనీ దగ్గరే ఉంది, ఇక గిరాకీ తిరగడమే తరువాయి.

గిరాకీ తిరిగిందనడానికి గుర్తు నకళ్లు. మూడో కంపెనీవాళ్లు ఒక పాత సింథ్‌ని పోలినవి చేసి అమ్ముకుంటున్నారంటే, పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిందని, కొనేవాళ్లు ఉన్నారని అర్థం. అసలు కంపెనీ అది చూస్తూనే ఉంటుంది.

మినీమూగ్ మోడల్ డి సంగతి దగ్గర్నుంచి చూడండి. మొదటిది 1970లో మొదలై 1981 దాకా నడిచింది. మూగ్ మ్యూజిక్ 2016లో దాన్ని మళ్లీ మొదలుపెట్టింది. కీల కింద ఒత్తిడిని గుర్తించే ఏర్పాటు, మిడి (వేరే వాయిద్యాలతో, కంప్యూటర్‌తో కలిపే ఏర్పాటు), విడిగా ఒక ఎల్ఎఫ్ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే భాగం) చేర్చారు. మరుసటి ఏడాదే ఆపేశారు. అప్పుడు చాలామంది ఇక ఇదే ఆఖరు అనుకున్నారు. 2018లో బెరింగర్ అనే వేరే కంపెనీ దానికి నకలుగా చేసిన చిన్న మోడల్ డి చాలా తక్కువ రేటుకు వచ్చి తెగ అమ్ముడైంది. 2022లో మూగ్ మళ్లీ మినీమూగ్ తెచ్చింది, ఈసారి పిచ్ వీల్‌కు స్ప్రింగ్ పెట్టి, మిడి మెరుగుపరిచి, 4,999 డాలర్లకు. నా ఉద్దేశంలో చేత్తో కూర్చే కంపెనీలకు ఇది మామూలు పద్ధతే. మనుషులు కొందరే, బల్లలు కొన్నే. ఒక మోడల్‌కు ఆర్డర్లు ఉన్నంతసేపు అది కూర్చి, నెమ్మదించగానే అవే చేతులతో ఇంకోటి కూరుస్తారు. కొన్నాళ్లకు మొదటిదానికి ఆకలి మళ్లీ పుడుతుంది. అలాంటి కంపెనీ "ఉత్పత్తి ముగిసింది" అన్నప్పుడు, ఈ విడత ముగిసిందని అర్థం చేసుకోండి.

"లిమిటెడ్ ఎడిషన్" అన్న మాటను కూడా ఇలాగే చదవాలి. మూగ్ 2017లో సబ్సీక్వెంట్ 37 సీవీ అని 2,000 మాత్రమే చేస్తామంది, చేసింది. కొన్నాళ్లకే కొన్ని అదనపు సీవీ అవుట్‌పుట్లు (వోల్టేజితో వేరే పరికరాలను నడిపే సాకెట్లు) తీసేసి మామూలు సబ్సీక్వెంట్ 37 అమ్మకానికి పెట్టింది. మాట తప్పలేదు. పరిమితం అన్నది ఆ రంగుకు, ఆ కొన్ని సాకెట్లకు, లోపలి శబ్దానికి కాదు. మీకు కావాల్సింది శబ్దమే అయితే లిమిటెడ్ వెనక పరుగెత్తకండి.

తిరిగొచ్చింది, కానీ ఏ రూపంలో?

ఒకే పేరుతో మూడు రకాల వాయిద్యాలు వస్తాయి, డబ్బా మీద ఈ తేడా స్పష్టంగా రాయరు.

ప్రాఫెట్-5 లాగా అదే సర్క్యూట్, అదే సైజు ఒక రకం. రెండోది సర్క్యూట్ అదే, ఒళ్లు చిన్నది: 2013లో వచ్చిన ఎంఎస్-20 మినీ అసలుదానిలో 86 శాతం సైజు, కీలు చిన్నవి, తీగలు గుచ్చే ప్యాచ్ సాకెట్లు 3.5 మిల్లీమీటర్లవి. పెద్ద చేతులున్నవాళ్లు తప్పనిసరిగా వాయించి చూశాకే కొనాలి. ఒక విషయం, పాత ఎంఎస్-20లోనే కోర్గ్ మధ్యలో ఫిల్టర్ మార్చింది, తొలివి కరకుగా అరుస్తాయి, తర్వాతవి కాస్త నెమ్మది. 2014లో వచ్చిన, మనమే కూర్చుకునే ఎంఎస్-20 కిట్‌లో రెండూ పెట్టారు. శబ్దం మీద పట్టింపు ఉంటే అమ్మేవాణ్ణి ఏ ఫిల్టర్ అని అడగండి.

మూడోది పేరు, ముఖం మాత్రమే పాతవి, లోపల ప్రాసెసర్. 2015లో మొదలైన రోలండ్ బొటీక్ వరస దాదాపు అంతా ఇదే. వీటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. స్టేజీ మీద ఏసీ లేని కల్యాణ మండపంలో మే నెలలో వాయించేవాడికి ట్యూనింగ్ జారని డిజిటల్ పెట్టె ఒక వరం. నాలుగే స్వరాలు పలికేవి కొన్ని ఉన్నాయి, అది మాత్రం ముందే చూసుకోండి. పాతది ఆరు పలికితే కొత్తది నాలుగే పలికితే, రెండు చేతులతో కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) పట్టేవాడికి మధ్యలో స్వరం తెగిపోతుంది.

పాతదే కొనాలనుకుంటే

అన్నీ చూసి, ఇది తిరిగి రాదు లేదా వచ్చిన రూపం నాకు పనికిరాదు అని తేలితే పాతది కొనండి. కానీ ఒంటరిగా వెళ్లకండి, గంటసేపు ఆన్‌లో ఉంచి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పలికి, వేడెక్కాక బయటపడే జబ్బులే ఎక్కువ.

ఉదాహరణకు 1984 నాటి రోలండ్ జూనో-106. ఆరు స్వరాలకు ఆరు 80017ఏ మాడ్యూళ్లు ఉంటాయి, ఫిల్టర్, వాల్యూమ్ రెండూ వాటిలోనే. వాటిమీద పోసిన పూత ఏళ్లు గడిచేకొద్దీ లోపల కరెంటు లీకయ్యేలా చేస్తుంది. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు ఒకే కీని మళ్లీ మళ్లీ నొక్కితే ఏ స్వరం పలుకుతోందో డిస్‌ప్లేలో అంకె కనబడుతుంది. ఆరింటినీ వరసగా వినండి. ఒకటి చిటపటలాడినా, కీ వదిలాక కూడా లాగుతున్నా, అసలు పలక్కపోయినా ఆ మాడ్యూల్ పోయినట్టే. బాగుచేయొచ్చు. మాడ్యూల్ తీసి అసిటోన్‌లో నానబెట్టి, పూత మెత్తబడ్డాక సన్నని పుల్లతో, కాళ్లు విరగకుండా గీకి తీయాలి. కొత్తగా చేసిన ప్రత్యామ్నాయ మాడ్యూళ్లూ దొరుకుతాయి. ఒకటి పోయిందంటే మిగతా ఐదూ అదే వయసువి కాబట్టి ఆరింటి ఖర్చు లెక్కేసి బేరమాడండి.

1991 నాటి రోలండ్ జేడీ-800 అయితే కీలు చూడండి. బరువు కోసం కీల కింద అతికించిన ఎర్రటి జిగురు కరిగి కారుతుంది. ఒక కీ ఎత్తి చూస్తే జిగటగా ఎర్రగా కనబడిందంటే కీబోర్డు మొత్తం విప్పి శుభ్రం చేయాలి, చాలా ఓపిక కావాల్సిన పని. శబ్దం చాలు, స్లైడర్లు చిన్నవైనా పర్లేదు అనుకుంటే 2021లో వచ్చిన జేడీ-08 ఉంది.

జపాన్ నుంచి తెప్పించేవి 100 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టారంటే పొగ చూస్తారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, దాన్ని ప్రోగ్రాముకు మోసే శ్రమ కూడా రేటులో కలుపుకోండి. ఈ మధ్య ఒక డీలర్ దగ్గర ఈ మాట చెప్పకుండానే ఒక తమ్ముడికి అమ్మేశారు, పవర్ సప్లై మొత్తం మార్చాల్సి వచ్చింది. వెనక ప్లేటు మీద వోల్టేజి రాసే ఉంటుంది, డబ్బిచ్చే ముందు చదవండి.

మీ దగ్గరున్న మోడలే ఆగిపోతే

ఆగిపోయిందన్న వార్త వచ్చిన వారంలోనే ఫర్మ్‌వేర్ (సింథ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్), ఓనర్స్ మాన్యువల్, దొరికితే సర్వీస్ మాన్యువల్ దించి రెండు చోట్ల దాచుకోండి. కంపెనీలు సైట్ మార్చినప్పుడు పాత ఫైళ్లు మాయమవుతాయి. కీల కింది రబ్బర్ కాంటాక్టులు ఒక సెట్, అడాప్టర్ ప్రత్యేకమైనదైతే ఇంకొకటి ఇప్పుడే కొనిపెట్టుకోండి. ముందు అయిపోయేవి ఇవే. మెమరీని నిలిపే బ్యాటరీ ఉన్న పాత సింథ్ అయితే, టోన్లన్నీ మిడి ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాకే ఆ బ్యాటరీ మార్పించండి. డీఎక్స్7లో అది బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది, పీకగానే మెమరీలోవన్నీ పోతాయి. మార్చేటప్పుడు నేను హోల్డర్ ఒకటి వేసి పంపిస్తాను, ఇంకోసారి సోల్డరింగ్ ఐరన్ అక్కర్లేకుండా.